నాంచారి పూసిన మందు

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు. మన ముత్తాతల ముత్తాతలకు ఇంకా పాలపళ్ళు కూడా రాని కాలం. ఊఁ కొడుతూ వినండి. ఊఁ కొట్టనివాళ్ళకు నేను చెప్పను.

ఒక ఏటి ఒడ్డున ఒక నేతపల్లె ఉండేది. ఆ పల్లెలో పిచ్చయ్య అనే నేతగాడు, అతని పెళ్ళాం కోటమ్మ. వాళ్ళింటి వెనక పంచలో నాంచారి అనే ఆడమనిషి తలదాచుకునేది. పిచ్చయ్యకు చెల్లెలి వరస. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. పొద్దున లేస్తే రాట్నం ముందు కూచుని మగ్గానికి కావలసిన నూలు కండెలు చుట్టేది. చీర బాగుంటే నేసినవాడిని మెచ్చుకుంటారు గానీ కండె చుట్టినదాన్ని ఎవరు తలుచుకుంటారు? నాంచారిని కూడా ఎవరూ తలుచుకోలేదు.

ఆమెకున్న తోడల్లా ఒక పిల్లి. పేరు చుక్కి. నుదుటి మీద తెల్లమచ్చ ఉంటుందిలెండి, అందుకని ఆ పేరు. కళ్ళు తెరవకముందే దాని తల్లి పోతే, నాంచారి నూలుపోగు పాలలో ముంచి చీకించి బతికించింది. పెద్దయ్యాక అది రాట్నం పక్కనే కూచునేది. నాంచారి చక్రం తిప్పుతుంటే దాని తల కూడా తిరిగేది. గంజి పెట్టిన నూలంటే ఎలకలకు పండగ గదా! చుక్కి ఉన్న ఇంట్లో మాత్రం ఒక్క ఎలుక అడుగుపెట్టేది కాదు. పని చేసేది, తినేది, పడుకునేది. పడుకోవడం మగ్గం గుంటలో. నేతగాడు కాళ్ళు దించుకునే గుంట ఉంటుందే, అక్కడ. చల్లగా ఉంటుందని.

ఒక ఎండాకాలం చుక్కికి పేలు పట్టాయి. పేలంటే మన తలలో పాకే పేలు కాదు. నల్లగా, ఆవగింజలో సగం ఉండి, పట్టుకోబోతే మూరెడు ఎగిరే పేలు. చుక్కి గోక్కునేది, కొరుక్కునేది, ఉన్నట్టుండి లేచి పరిగెత్తేది. మెడ కింద బొచ్చు ఊడి చర్మం బయటపడింది. పిచ్చయ్య గుంటలో కాళ్ళు పెడితే చాలు, పిక్కల నిండా దద్దుర్లు. అతను గోక్కోవడానికి వంగితే ఇక్కడ చీరలో పోగు తప్పింది. పోగు తప్పిన చీర ఎవరు కొంటారు? పిచ్చయ్యకు ఒళ్ళు మండిపోయింది.

"నాంచారీ! నీ పిల్లి తెచ్చిపెట్టిన ముదనష్టమే ఇదంతా. సంతరోజు దాకా చూస్తా. అప్పటికి దాని పేలు పోకపోతే గోనెలో వేసుకుపోయి ఏటి అవతల వదిలేసి వస్తా."

"అంత మాట అనబాక అన్నా. పోగొడతా. ఎట్టాగైనా పోగొడతా" అంది నాంచారి. అప్పటినుంచి ఆమె ముద్ద మింగితే ఒట్టు.

మొదట కోటమ్మ చెప్పింది. "కుంకుడు రసంతో నీళ్ళు పొయ్యి నాంచారీ."

నాంచారి కుంకుళ్ళు కొట్టి, నురగ తీసి, చుక్కిని ఏటికి ఎత్తుకుపోయింది. ఆ పిల్లి అరిచిన అరుపులకు అవతలి ఒడ్డున గొర్రెలు బెదిరాయి. నాంచారి చేతులు మోచేతుల దాకా చీరుకుపోయాయి. పేలు పోయాయా? పోయాయి. మళ్ళీ వచ్చాయా? వచ్చాయి. చుక్కి తడి ఆరాక వెళ్ళి మగ్గం గుంటలో పడుకుంది, అంతే.

రెండోసారి కోటమ్మే చెప్పింది. "వేపాకు పొగ వెయ్యి."

నాంచారి నిప్పుల మీద పచ్చి వేపాకు వేసి, గంప కింద పిల్లిని పెట్టి పొగ వేసింది. పిల్లి తుమ్మింది, నాంచారి దగ్గింది, పిచ్చయ్య ఇద్దరినీ తిట్టాడు. పేలు పోయాయా? పోయాయి. మళ్ళీ వచ్చాయా? వచ్చాయి. చుక్కి కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళి మగ్గం గుంటలో పడుకుంది.

సంత రేపనగా పిచ్చయ్య గోనెసంచి దులిపి గోడకు తగిలించాడు.

అప్పుడు ఆమెకు తన తల్లి గుర్తొచ్చింది. చిన్నప్పుడు నాంచారి తల పేలపుట్టగా ఉంటే, తల్లి సీతాఫలం గింజలు నూరి, నూనెలో కలిపి, తలకు పట్టించి గుడ్డ కట్టేది. మర్నాడు తలంటు పోసేది. పేలు రాలిపోయేవి. "కళ్ళలో పడితే కళ్ళు పోతాయి జాగ్రత్త" అని ఒక్క జాగ్రత్తే చెప్పేది. ఆడపిల్ల తల గదా, ఇంకే జాగ్రత్త కావాలి?

నాంచారి గింజలు నూరింది. నూనెలో కలిపింది. చుక్కిని ఒళ్ళో పడుకోబెట్టుకుని, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టి, చెవుల వెనక, మెడ కింద, వీపు మీద, తోక మొదట్లో మెల్లగా పట్టించింది. చుక్కి కదల్లేదు. నీళ్ళు కాదు, పొగ కాదు, నాంచారి చెయ్యే గదా అనుకుంది కాబోలు. చూస్తుండగానే పేలు నల్లగా రాలిపడ్డాయి.

"వదినా, ఇటు చూడు! ఎట్ట రాలతన్నాయో చూడు!" అని నాంచారి చిన్నపిల్లలా అరిచింది.

"మరి కడగవా?" అంది కోటమ్మ.

"దానికి నీళ్ళంటే ప్రాణం పోతుంది వదినా. మొన్న ఎంత ఏడ్చిందో చూశావుగా. ఇంకెందుకులే దాన్ని ఏడిపించడం." జాలిపడి అన్న మాట అది. పాపిష్టి జాలి.

నాంచారి రాట్నం ముందు కూచుంది. చుక్కి ఆమె పక్కనే కూచుని ఒళ్ళు నాక్కోవడం మొదలుపెట్టింది. పిల్లి బుద్ధి మీకు తెలుసుగా, ఒంటి మీద ఏది పడినా నాలికతోనే శుభ్రం చేసుకుంటుంది. కాళ్ళు నాకింది, వీపు నాకింది, తోక మొదలు నాకింది. నాంచారి చూస్తూనే ఉంది. చూసి నవ్వుకుంది కూడా. "నా తల్లికి హాయిగా ఉన్నట్టుంది, ముస్తాబవుతోంది" అనుకుంది. ఆ నవ్వు ఆమెను చచ్చేదాకా వదల్లేదు.

సాయంత్రానికి చుక్కి నోట్లోంచి నురగ వచ్చింది. కాళ్ళు తడబడ్డాయి. నాంచారి పాలు పట్టింది, నీళ్ళు పట్టింది, ఏమీ లోపలికి పోలేదు. ఆ పిల్లి పాక్కుంటూ మగ్గం గుంట దగ్గరికి పోబోయింది. పోలేకపోయింది. నాంచారి ఎత్తుకుని ఒళ్ళో పెట్టుకుంటే ఆ చేతినే ఒకసారి నాకింది. అదే ఆఖరు.

పేలు పోయాయా? పోయాయి. మళ్ళీ రాలేదు. రావడానికి పిల్లి ఉండాలి గదా.

దొడ్లో గొయ్యి తీసి పూడ్చిపెట్టాక నాంచారి రోలు కడగబోయింది. అడుగున కాస్త మందు మిగిలి ఉంది. వేలికి తీసుకుని నాలిక మీద రాసుకుంది. నోరంతా మండింది. కళ్ళమ్మట నీళ్ళు కారాయి. కక్కుకుని, రోటి మీద తల పెట్టుకుని ఏడ్చింది. "ఇంత మంటను ఒళ్ళంతా నాకావా తల్లీ! నేను పక్కనే కూచున్నా గదే! నవ్వుతా కూచున్నా గదే!"

సంత నుంచి వచ్చి పిచ్చయ్య మగ్గం ఎక్కాడు. గుంటలో కాళ్ళు దించాడు. దించీ దించగానే చటుక్కున పైకి లాక్కున్నాడు. పిక్కల మీద పేలు!

"పిల్లి పోయిందిగా, మరి ఇవెక్కడియి?" అన్నాడు అయోమయంగా.

నాంచారి దీపం పట్టుకుని గుంటలోకి దిగింది. ఏళ్ళ తరబడి రాలిన నూలుపీచు, దుమ్ము, మూల ఒక పాత గోనెపట్టా. పట్టా ఎత్తితే పేలు చిటపటా ఎగిరాయి. గుడ్లు ఉప్పురవ్వలా రాలాయి. పేలు ఉండేది ఇక్కడ. చుక్కి మీదికి ఎక్కేది తిండికి. ఆమె పిల్లిని కడిగింది, పిల్లికి పొగ వేసింది, పిల్లికి మందు పూసింది. గుంట మాత్రం ఊడ్వలేదు.

గుంట ఊడ్చింది. చెత్త తగలబెట్టింది. మరిగే నీళ్ళు పోసింది, ఎండనిచ్చి పేడమట్టితో అలికింది. పట్టా ఉడకబెట్టి ఎండలో ఆరేసింది. పిచ్చయ్య నీళ్ళు మోశాడు. వారం తిరిగేసరికి ఆ ఇంట్లో ఒక్క పేను లేదు. అంత తేలికైన పని! చీపురుతో, నీళ్ళతో అయిపోయే పని!

పై సంతకు పిచ్చయ్య గోనెసంచిలో ఒక పిల్లికూనను తెచ్చాడు. నాంచారి ముందు పెట్టి తల వంచుకున్నాడు. "కోపంలో అన్నానమ్మా. నిజంగా వదిలేసేవాణ్ణి కాదు."

"ఆ ముక్క అప్పుడు అనకపోయావా అన్నా" అంది నాంచారి. కూనను అతని వైపే జరిపింది. "వదినను పెంచుకోమను. నా చేతికి మాత్రం ఇవ్వబాక."

పెంచుకోలేదు గానీ, ఆ కూనను రోజూ దువ్వింది. తల దువ్వే సన్నపళ్ళ ఈర్పెన తీసుకుని, పక్కన కుంకుడు నీళ్ళ ముంత పెట్టుకుని, ఒక్కో పేనునూ లాగి నీళ్ళలో ముంచేది. తర్వాత ఇరుగింటి పిల్లిని దువ్వింది. తర్వాత పొరుగూరి పిల్లుల్ని. కండెల పని లేనప్పుడల్లా ఈర్పెన కొంగున కట్టుకుని బయలుదేరేది. ఏ ఇంటికి పోయినా ముందు పిల్లి పడుకునే చోటు చూపించమనేది. దాన్ని ఊడ్పించేది, పక్కగుడ్డ ఉడకబెట్టించేది, ఆ తర్వాతే పిల్లిని ఒళ్ళోకి తీసుకునేది. పిల్లలు "పిల్లుల నాంచారి వచ్చిందోయ్" అని వెంటపడేవాళ్ళు. ఆమె కోప్పడేది కాదు. ప్రతి ఇంట్లో చుక్కి కథ దాచకుండా చెప్పేది.

"తెలియక చేశావులే నాంచారీ" అనేవాళ్ళు జనం.

"నాకు తెలియదు, నిజమే. నన్ను నమ్మడం తప్ప దానికి మాత్రం ఏం తెలుసు?" అనేది.

ఇట్లా ముసలిదయింది. ఒకనాడు ఎవరి గడపలోనో పిల్లిని దువ్వుతూ దువ్వుతూ, చెయ్యి ఆగి, అలాగే ఒరిగిపోయింది. కొరివి పెట్టడానికి కొడుకు లేడు. పిచ్చయ్యే పెట్టాడు. ఏటి పక్క ఊళ్ళన్నీ కదిలి వచ్చాయి. కండెలు చుట్టే ఆడదాని కోసం అంతమంది రావడం అంతకుముందు ఎవరూ ఎరగరు.

ఆ ఏటి పక్క ఊళ్ళలో ఇప్పటికీ ఒక అలవాటు ఉంది. పిల్లికి ఏ నూనె పూయాలన్నా, ఏ పొడి చల్లాలన్నా ముందు తమ ముంజేతి మీద రాసుకుంటారు. ఆ చెయ్యి నోటిదాకా తెచ్చి ఆగుతారు. దీన్ని నేను నాకగలనా అని తమను తాము అడుగుతారు. మనసు ఒప్పకపోతే చెయ్యి కడిగేసుకుని ఈర్పెన అందుకుంటారు. అందుకుంటూ "నాంచారీ, అడిగి చూశాను" అంటారు. పసిపిల్లలు కూడా అంటారు, ఎందుకో తెలియకుండానే. తానూ ఆ రోజు ఒక్కసారి అలా అడిగి చూసి ఉంటే ఎంత బాగుండేదని నాంచారి బతికినన్నాళ్ళూ అనుకునేది.