దువా నీళ్లు తాగని నేల

ఉరుసు దగ్గరపడుతోంది. దర్గా తోటలో గులాబీ ఆకులు పసుపెక్కి రాలిపోతున్నాయి. మొగ్గలు విచ్చకముందే ఎండుతున్నాయి. మౌలాలికి ముద్ద దిగడం లేదు.

ఏటా ఆ పూలతోనే సమాధి మీద కప్పే చాదర్ కడతారు. తోట చూసుకున్న శిష్యుడే దాన్ని నెత్తిన మోస్తాడు. ఈసారి వంతు మౌలాలిది. పిల్ల పుట్టకముందే కుల్ల కుట్టినట్టు, వచ్చి చూడమని తల్లికి అప్పుడే కబురు కూడా పెట్టేశాడు.

చెంబు నిండా నీళ్లు పట్టుకుని గురువు రహమత్ బాబా దగ్గరికి వెళ్లాడు.

"దిష్టి తగిలింది బాబా. రోజూ కడవలకొద్దీ పోస్తున్నా, వాడిపోతానే ఉండాయి. దువా చదివి ఊదండి."

బాబా ఊదాడు. శిష్యుడి వెంట తోటలోకి వచ్చాడు. మౌలాలి చెంబు వంచబోతే ఆపి, వేలు ముంచి ఒక్క చుక్క మన్ను మీద వదిలాడు.

చుక్క ఇంకలేదు. గుండ్రంగా నిలబడి, దుమ్ము పూసుకుని పక్కకు దొర్లింది.

బాబా గడ్డం నేలకు ఆనేంతగా వంగాడు. ఆయనకదో వింత.

"చూడ్రా మౌలాలీ! నా దువా కూడా తాగట్లేదే ఇది!"

వేలితో గీరాడు. కింద పొడి దుమ్ము. చిటికెడు తీసి వాసన చూసి, శిష్యుడి ముక్కు దగ్గర పెట్టాడు. లారీ షెడ్డు వాసన.

"చెదలు పట్టినాయని కాలిన ఇంజనాయిలు పోసినా బాబా. షెడ్డోళ్లు గుంజలకి అదే పోస్తారు. ఒక్క చెద లేకుండా పోయింది!" ఆ మాటలో ఇంకా కాస్త గర్వం ఉంది.

"గుంజ తాగదు నాయనా. గులాబీ తాగాల."

మౌలాలి తల దించుకున్నాడు. "ఉరుసుకి పూస్తాయా?"

"పూయవు."

ఆ ఏడు చాదర్ బజారు పూలతో కట్టారు. మోసింది ఇంకొకడు. తల్లి వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేదని మౌలాలి ఏడ్చాడు.

చచ్చిన మొక్కలు పీకి, పేడ ఎరువు కలిపి నేలను తిరగేస్తూ వచ్చాడు. రోజూ పొద్దున ఒక చుక్క వదిలేవాడు. అది దొర్లిపోయేది. మొదట్లో కోపం వచ్చేది. పోను పోను, ఈ పూట ఏం చేస్తుందో చూడందే తోచేది కాదు.

వానలు వెళ్లాక ఒక పొద్దున చుక్క కాసేపు నిలబడింది. మెల్లగా పరుచుకుంది. తడి మచ్చ మాత్రం మిగిలింది.

"తాగింది బాబా! తాగింది!"

బాబా పరుగులాంటి నడకతో వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ ఆ మచ్చనే చూశారు.

"గులాబీ అంట్లు ఎప్పుడు నాటమంటారు బాబా?"

"నన్నెందుకు అడుగుతావు?"

మౌలాలి చెంబు తీసుకుని మడి రెండో మూలకి వెళ్లాడు. ఒక్క చుక్క వదిలి, గడ్డం నేలకు ఆనించాడు.