జిత్తయ్యగారి సేవారత్న సన్మానం

కొండమామిళ్ళ అడవిలో ఆ ఏడు గజ్జి పట్టుకుంది. అలాంటిలాంటి గజ్జి కాదండోయ్! గోకినకొద్దీ గోకాలనిపిస్తుంది, గోకితే బొచ్చు ఊడుతుంది, ఊడినచోట పుండు పడుతుంది. కుందేళ్ళు, దుప్పులు, ముళ్ళపందులు, ఎవర్నీ వదల్లేదు. రాజుగారైన సింహం జాలిపడి వెంటనే గొప్ప వైద్య సదుపాయం కల్పించాడు. ఏమిటంటే, వాగు అవతల కూలడానికి సిద్ధంగా ఉన్న పాక ఒకటి చూపించి, "రోగులంతా అందులో ఉండండి. వాళ్ళని ముట్టుకున్నవాళ్ళూ అందులోనే ఉండండి. గజ్జి తగ్గేదాకా ఎవరైనా వాగు దాటి ఇటొస్తే నమిలేస్తాను" అన్నాడు. ఇంతకన్నా ఏ రాజైనా ఏం చేస్తాడు చెప్పండి!

ఆ పాకలో చాకిరీ మొత్తం మాలచ్చి అనే ఆడగాడిదది. రోగులు నలభైమంది, గాడిద ఒక్కటి. వేపాకూ పసుపుకొమ్ములూ గిట్టలతో తొక్కి ముద్ద చేసేది, తోక కుచ్చుతో పుళ్ళకి పూసేది, వాగునీళ్ళు నోటపట్టి తెచ్చి తాగించేది. గాడిదచాకిరీ అన్న మాట ఊరికే పుట్టిందా మరి!

ఆమెకి ఉన్నది ఒకటే బెంగ. మృగశిర కార్తె వచ్చేస్తోంది, పాక కప్పు చూస్తే జల్లెడ. పుండు మీద తడి తగిలితే కుళ్ళుతుంది. మొన్న వేసవిలో పడ్డ ఒక్క గాలివానకే రెండు కుందేళ్ళు ప్రాణం వదిలాయి. అసలు వానలు మొదలైతే మిగిలేదెవరు?

సరిగ్గా అప్పుడే కాకి కొమ్మెక్కి చాటింపు వేసింది.

"వినండహో! రోగులకు ఉత్తమ సేవ చేసినవారిని గుర్తించి రాజుగారు సేవారత్న బిరుదు ఇస్తారహో! ఒక శాలువా, ఒక పూలదండ, వాగు అవతల గట్టుమీద రాజుగారు ఖాళీచేసిన రాతిగుహ బహుమానమహో!"

గుహ అనగానే మాలచ్చి చెవులు నిక్కించింది. ఎంత కుంభవృష్టి కురిసినా లోపల చుక్క పడని గుహ అది. నలభైమందీ హాయిగా పడతారు. పరుగున వాగొడ్డుకి వచ్చి కేకేసింది.

"కాకయ్యా, కాకయ్యా! నా పేరు రాసుకో నాయనా. శాలువా నాకొద్దు, ఆ గుహ చాలు."

"దరఖాస్తు స్వయంగా తెచ్చి రాజుగారి ముందు పెట్టాలమ్మా."

"నేను వాగు దాటకూడదు కదా?"

"దాటకూడదు."

"మరి ఎలా తేవాలి?"

"స్వయంగా."

"రోగుల్ని ముట్టుకున్నవాళ్ళెవరూ అటు రాకూడదాయె. ఇంక మీకు దరఖాస్తు పెట్టేదెవరయ్యా?"

"నిబంధనలు నేను రాశానా ఏమిటి? రాసినవాళ్ళని అడుగు" అని కాకి ఎగిరిపోయింది.

దరఖాస్తు పెట్టడానికి మనవాడొకడు లేకపోలేదు. జిత్తయ్య అనే నక్క. గజ్జి మాట వినగానే మూడు మైళ్ళు పరిగెత్తిన వీరుడు. ఆ గుహ మీద వాడికి ఎప్పట్నుంచో కన్ను.

"గుహ నీ చేతికొస్తే ఏం చేస్తావు బావా?" అంది కాకి.

"ముందు చుట్టూ ముళ్ళకంప వేయిస్తా. ఆ గజ్జి మూక గుమ్మం తొక్కకుండా."

"సేవ చేసినట్టు రుజువు కావాలే!"

"రుజువుకేం బావా, ఒక్క అరటిపండు చాలు."

మర్నాడు జిత్తయ్య పొడుగాటి వెదురుగడ తెచ్చాడు. గడ చివర ఒక అరటిపండు, దాని పక్కనే వెడల్పాటి టేకాకు కట్టాడు. మాలచ్చి వేపాకుకి వెళ్ళిన సమయం చూసుకుని, ఎవరి కంటా పడకుండా వాగు దాటి, ముక్కు మూసుకుని, పాకకి ఇరవై అడుగుల దూరంలో నిలబడి గడని లోపలికి దోపాడు.

"రాజుగారు పళ్ళు పంపారర్రా! ముందు ఆకు మీద ముద్ర వెయ్యండి, తర్వాత పండు."

రోగుల పాదాలకి పసుపుముద్ద ఉండనే ఉంది. ముళ్ళపంది సూదప్ప ముద్ర వేసి నోరు తెరిచింది. గడ పక్కకి జరిగింది.

"ఇదేమిటి జిత్తన్నా, పండేదీ?"

"చూశావుగా, ఎంత మగ్గిందో! ఇంకా ముప్పైతొమ్మిది మంది చూడాలి. తరువాత!"

నలభై ముద్రలూ పడ్డాయి. గడ బయటికొచ్చింది. ఆకు వాగుకి ఇవతలి పక్కకెళ్ళింది, పండు జిత్తయ్య పొట్టలోకెళ్ళింది.

సన్మానం రోజు వాగొడ్డున ఇసకలో సభ పెట్టారు. వేదిక మీద రాజుగారు, పక్కన జిత్తయ్య. శాలువా ఏ ఊరి సభలోనో కోతులు ఎత్తుకొచ్చినదే, జరీ మాత్రం ధగధగా మెరిసిపోతోంది. కాకి గొంతు సవరించుకుని సన్మానపత్రం చదివింది.

"జిత్తయ్యగారు రోజూ రోగుల పుళ్ళు తన చేతులతో కడిగారు! వారిని ఒళ్ళో పడుకోబెట్టుకుని జోకొట్టారు! వారి కన్నీళ్ళు తన తోకతో తుడిచారు! ఇవిగో, నలభైమంది స్వయంగా వేసిన ముద్రలు! 'గుహ దొరికినా ఈ నలభైమందిని విడిచి ఒక్క పూటైనా ఉండలేను' అన్నారు మహానుభావులు!"

ఆ ఆఖరి మాట జిత్తయ్యే రాయించుకున్నాడు. పత్రానికి అందం వస్తుందని.

చప్పట్లు మోగాయి. రాజుగారు శాలువా విప్పి జిత్తయ్య భుజాల మీద కప్పబోయాడు. అవతలి ఒడ్డునుంచి కేక వినిపించింది.

"దొరా! ఆగండాగండి! ప్రాణం మీదకి తెచ్చుకోకండి!"

మాలచ్చి.

"ఏమిటే నీ గోల?" అన్నాడు రాజుగారు.

"నేను రోగుల్ని ముట్టుకున్నాను గనక ఇక్కడే ఉన్నాను దొరా, తమరి ఆజ్ఞ. జిత్తన్న నలభైమందిని ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడట. మరి తమరి పక్కన కూర్చున్నాడేమిటి? అంత బంగారం లాంటి జూలు తమరిది. ఊడితే మళ్ళీ మొలుస్తుందో లేదో!"

రాజుగారు ఒక్క గెంతు గెంతాడు. సభలో ముందు వరుస మొత్తం వెనక వరుస అయిపోయింది. అప్పటిదాకా చంకన చేరి భజన చేసిన కాకి చిటారుకొమ్మన తేలింది.

"ఒరే జిత్తయ్యా! వాళ్ళని ముట్టుకున్నావా, లేదా?" అని గర్జించాడు రాజుగారు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. లేదంటే రాజుగారి ముందు అబద్ధపు పత్రం చదివించినట్టు, దానికి శిక్ష నమలడమే. అవునంటే గజ్జి ఒంటితో వాగు దాటి వచ్చినట్టు, దానికీ నమలడమే. జిత్తయ్య తోక కాళ్ళ సందున దూరింది.

మాలచ్చే అడ్డొచ్చింది. "పోనీలెండి దొరా, పాపం సేవ ధ్యాసలో ఒళ్ళు మరిచి వచ్చుంటాడు. ఈ ఒక్కసారికి వదిలి, ఇటు పంపించెయ్యండి. గుహ ఎలాగూ జిత్తన్నదే. మావాళ్ళని విడిచి ఉండలేనని పత్రంలో రాసుకున్నాడుగా, అందర్నీ ఆ గుహలోకే చేర్చేస్తాను."

"అంతే, అంతే! అందర్నీ తీసుకుపో! వీణ్ణీ తీసుకుపో! తొందరగా!" అన్నాడు రాజుగారు. శాలువాని ఒక పుల్లతో ఎత్తి జిత్తయ్య మీదకి విసిరాడు.

"ఏమంటావు జిత్తన్నా? ముట్టుకున్నావా?" అంది మాలచ్చి, ఎంతో ప్రేమగా.

"ము... ముట్టుకున్నాను" అన్నాడు జిత్తయ్య, ప్రాణం ముఖ్యం కనక.

మృగశిర మొదటి వాన కురిసేసరికి నలభైమందీ గుహలో పొడిగా పడుకుని ఉన్నారు. జరీ శాలువాని మాలచ్చి పీలికలు చేసి పుళ్ళకి కట్లు కట్టింది. మధ్యలో కూర్చున్న జిత్తయ్యకి మూడోనాటికే ఒళ్ళు దురద మొదలైంది.

"సేవారత్నంగారూ, నా వీపు కొంచెం కడుగుదురూ!" అంది సూదప్ప, ముళ్ళు నిక్కించి.

"నావల్ల కాదే!"

"అయ్యో, రోజూ కడిగిన చేతులేగా! కానివ్వండి."

"నీళ్ళు ఇటు, పసుపు అటు, జిత్తన్నా. రాత్రి పూట జోకొట్టడం కూడా నీదే" అంది మాలచ్చి. కడిగాడు, పూశాడు, జోకొట్టాడు. వానలు వెళ్ళేసరికి నలభైమందికీ కొత్త బొచ్చు మొలిచింది. ముళ్ళు గుచ్చుకుని జిత్తయ్య చేతులు మాత్రం వాచాయి.

మరుసటి ఏడు కాకి మళ్ళీ కొమ్మెక్కి, "సేవారత్నకి దరఖాస్తులు పెట్టుకోండహో" అని గొంతు పోయేలా అరిచింది. అడవి మొత్తంలో ఒక్కడు ముందుకు వస్తే ఒట్టు.

చెయ్యని సేవకి సన్మానం చేయించుకున్నవాడు, ఆ సేవ ఎప్పుడో ఒకప్పుడు చేసి తీరాల్సి వస్తుంది.