మంగాయమ్మ పులుసు, తుర్రేటి వంకర్లు

ఒకప్పుడు... ఇది అబద్ధమనేవాళ్ళు ఇప్పుడే చెయ్యెత్తాలి, తరవాత ఎత్తితే చెల్లదు... తొంభైతొమ్మిది ఊళ్ళ సీమలో తుర్రేరు గీత గీసినట్టు తిన్నగా పారేది. కొండ మీద కాలు తీస్తే సముద్రంలోనే పెట్టేది. ఎంత జోరంటే, అందులో చేపలు ఈదేవి కావు, గట్టు పట్టుకుని వేలాడేవి. కొంగ నీళ్ళలో కాలు పెడితే కాలు సముద్రానికి చేరేది, కొంగ ఇక్కడే ఉండేది.

గట్ల మీది ఊళ్ళకి మాత్రం చుక్క దక్కేది కాదు. ఎడమగట్టున విప్పలపాడులో మంగాయమ్మ వంగతోట వేసింది. మొక్కలన్నీ తలలు వేలాడేశాయి. అవి చస్తే ఏడాదంతా పస్తే.

"ఏరమ్మా, కాస్త ఆగి వెళ్ళవే," అంది మంగాయమ్మ.

"తీరిక లేదు పిన్నీ." 'తీరిక లేదు' విప్పలపాడులో వినపడింది. 'పిన్నీ' మూడు ఊళ్ళ అవతల వినపడింది.

మంగాయమ్మ కొంగు బిగించింది. ఏడుగురు పట్టినా కదలని కుండలో గోంగూర పులుసు కాచింది. ఇంగువ తాలింపు వేసేసరికి కొండలు తుమ్మాయి. ఏరు ముక్కు అటు తిరిగింది. ముక్కు తిరిగాక ఒళ్ళు తిరగదా?

"ఒక్క ముద్ద తిని పోతా," అంది ఏరు.

ఒక్క ముద్దతో మంగాయమ్మ ఎవరినైనా లేవనిచ్చిందా? "నా మీద ఒట్టు, ఇంకో గరిటె." ఏరు చతికిలబడింది. తోటంతా తడిసింది. వంగమొక్కలు లేచి నిలబడి, ఆ గంటలోనే గుమ్మడికాయలంత కాయలు కాశాయి.

కుడిగట్టు నుంచి ఇదంతా చూసింది మంగాయమ్మ వియ్యపురాలు పేరిందేవి.

"ఏమ్మా, మా వియ్యపురాలింట్లో అయితే కూర్చుంటావు, మా గుమ్మం నీ కంటికి ఆనలేదా? మా పొయ్యిలో పిల్లి పడుకుందనుకున్నావా?"

ఏటికి మొహమాటం ఎక్కువ. కుడికి తిరిగింది. అక్కడ పనసపొట్టు కూర, మళ్ళీ ఒట్లు. అది చూసి ఎడమగట్టున పక్కూరు అలిగింది. ఎడమకి తిరిగింది. అలా తొంభైతొమ్మిది ఊళ్ళు, తొంభైతొమ్మిది విస్తళ్ళు.

సముద్రం చేరేసరికి మూడు నెలలు పట్టింది. "ఇంతసేపేమిటి?" అన్నాడు సముద్రుడు. ఏరు జవాబు చెప్పబోయి త్రేన్చింది. ఆ త్రేన్పుకి మూడు ఓడలు ఒడ్డెక్కాయి.

అప్పటినుంచే తుర్రేరు ఎడమకోసారి, కుడికోసారి వంకర్లు తిరుగుతూ, ఏ ఊరినీ చిన్నబుచ్చకుండా, భుక్తాయాసంతో మెల్లగా నడుస్తోంది. ప్రతి మలుపులో ఓ ఊరు, ఊరి పక్కన ఓ వంగతోట.

నమ్మకం కుదరకపోతే రేవులోకి దిగి అడగండి. ఆ తొంభైతొమ్మిది విస్తళ్ళూ వంగి వంగి వేసి, వంగిన నడుం ఇవాళ్టికీ ఎత్తలేనివాడు అక్కడ ఒకడున్నాడు: తాబేలు పుల్లయ్య.