బురద నాయుడి మడుగు

అనగనగా, పిట్ట చెప్పే మాటకు కూడా మనుషులు చెవి ఒగ్గే రోజుల్లో, పైడివాక అనే చిన్న రాజ్యం ఉండేది. అడవులనూ మడుగులనూ ఎలా కాపాడుకోవాలో భూస్వాములకు చెప్పడానికి ఆ రాజుగారు నాంచారమ్మ అనే ఆవిడను కొలువులో పెట్టుకున్నారు. పెట్టుకుంటూనే ఒక కట్టడి చేశారు. "సలహా నీది, నిర్ణయం నేలగలవారిది. ఆజ్ఞాపించడానికి వీల్లేదు సుమా!"

నాంచారమ్మకు చెట్టూ చేమా, నీరూ నేలా అన్నీ తెలుసు. తెలియనిదల్లా నోరు మూసుకోవడం.

ఆ రాజ్యంలోనే సింగమనాయుడనే భూస్వామి ఉండేవాడు. ఆయనకు ఒక మద్దిచెట్ల తోపు, దాని దిగువన తుంగ దట్టంగా పెరిగిన పెద్ద మడుగు ఉండేవి. ఒకనాడు ఆయన ఆ చెట్లు కొట్టించి, మడుగు గట్టుకు గండి కొట్టించి, నీరంతా వదిలేసి వరి వేయాలనుకున్నాడు. పురోహితుడు కార్తీకంలో ముహూర్తం పెట్టాడు.

కబురు చెవిన పడగానే నాంచారమ్మ పరుగు పరుగున వెళ్ళింది.

"నాయుడు గారూ! ఎంత అందమైన మడుగండీ మీది! ఎన్ని పిట్టలు, ఎన్ని తామరలు!" అంటూ పొద్దు వాలేదాకా వర్ణించింది.

నాయుడు ఆవలించాడు. "పిట్టలు నాకు ధాన్యం కొలుస్తాయా అమ్మా?" అన్నాడు. ఆ పోరు పడలేక ముహూర్తాన్ని ఒక నెల ముందుకు, ఆశ్వయుజానికి జరిపించాడు.

నాంచారమ్మ ఊరుకుందా? మళ్ళీ వెళ్ళింది. ఈసారి భయపెట్టి చూసింది.

"మడుగు పోతే దిగువ బావులన్నీ ఎండిపోతాయి. ఊరంతా మిమ్మల్నే ఆడిపోసుకుంటుంది!"

నాయుడు మీసం దువ్వాడు. "నన్నే బెదిరిస్తారా? అయితే ఎల్లుండే గండి!" అన్నాడు.

నాంచారమ్మ వెనుదిరిగింది. మడుగు గట్టున కూలబడి కళ్ళు ఒత్తుకుంది. ఎల్లుండి ఈ నీరు ఉండదు. తన వల్లనే గండం ముందుకొచ్చింది.

అప్పుడు తుంగలోంచి ఒక నీటికోడి తల బయటపెట్టింది.

"తల్లీ, నీకో దండం. నా గుడ్లు ఇంకా పిల్లలు కాలేదు. నువ్వొచ్చిన ప్రతిసారీ ముహూర్తం దగ్గరికొస్తోంది. ఇక రాకు!"

"మీ మంచికే కదా చెబుతున్నాను!" అంది నాంచారమ్మ.

"చెబుతూనే ఉన్నావు. ఆయన రోజూ సాయంత్రం ఇక్కడ కూర్చుని తనలో తాను గొణుక్కుంటాడు. వినేది మేమే. నువ్వు ఒక్కసారైనా విన్నావా?"

"ఏమని గొణుగుతాడు?"

"అది ఆయన్నే అడుగు. అడిగాక మాత్రం దయచేసి నోరు తెరవకు," అని నీటికోడి గుడ్ల మీదికి వెళ్ళిపోయింది.

ముహూర్తం రోజు రానే వచ్చింది. కూలీలు పలుగూ పారా పట్టుకుని నాయుడితో గట్టు మీద నిలబడ్డారు. నాంచారమ్మ చెప్పులు విప్పి బురదలోకి దిగింది.

"నాయుడు గారూ, ఇవాళ నేనేమీ చెప్పను. మీ నేల మీరే నాకు చూపించండి," అంది.

నాయుడు ఆశ్చర్యపోయి ముందు నడిచాడు. తాతగారు వేసిన గట్టు చూపించాడు, చిన్నప్పుడు తాను ఈత నేర్చిన చోటు చూపించాడు. మధ్యమధ్య నాంచారమ్మకు మాట గొంతుదాకా వచ్చేది. చీరకొంగు నోట్లో కుక్కుకుని ఆపుకునేది.

చివరికి నాయుడే ఆగిపోయాడు.

"వరి మీద ఆశ కాదమ్మా! ఈ మడుగు వల్ల అందరూ నన్ను బురద నాయుడంటారు. పెళ్ళికి వెళితే బంతిలో 'బురద నాయుడు గారికి ఇంకాస్త పప్పు!' అని కేకేస్తారు. మొన్న నా మనవరాలు కూడా నవ్వింది. ఈ బురద లేకపోతే ఆ పేరూ ఉండదు."

నాంచారమ్మ నోట్లోంచి కొంగు తీసింది. ఇన్నాళ్ళూ ఆ బాధ అడగనందుకు ఆవిడకు సిగ్గేసింది.

"మడుగు ఎండగట్టినా వరి పండుతుందని మాట ఇవ్వలేను. పేరు పోతుందనీ చెప్పలేను. నాకు తెలిసింది ఇదీ: తోపు ఉంటే మడుగులో నీరు నిలుస్తుంది. పిట్టలు పిల్లల్ని లేపుకున్నాక తుంగను వంతులవారీగా కోయించి చాపలు నేయించండి. ఒక్క ఏడు చూడండి. నచ్చకపోతే గట్టు మీదే, పారా మీదే," అంది.

నాయుడు గట్టు మీదికి ఎక్కాడు. "ఒక్క ఏడే!" అని కూలీలను ఇళ్ళకు పంపేశాడు. నీటికోడి గుడ్లు చల్లగా బతికాయి.

మరుసటి ఏడు వాన మొహం చాటేసింది. చెరువులు నోళ్ళు తెరిచాయి. ఒక్క నాయుడి మడుగులోనే నీరు నిలిచింది, దాని దిగువ బావుల్లోనే నీరు ఊరింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బిందెలతో వచ్చారు. నాయుడు ఎవరినీ కాదనలేదు.

ఆ వేసవిలో ఒక పెళ్ళి జరిగింది. అందరూ నాయుడి తుంగచాపల మీద బంతికి కూర్చున్నారు. వడ్డించేవాడు గొంతెత్తి అరిచాడు.

"నీళ్ళ నాయుడు గారికి ఇంకాస్త నెయ్యి!"

నాయుడు విస్తరి మీదికి వంగి పొంగిపోయిన ముఖం దాచుకున్నాడు. పక్కన మనవరాలు ఈసారి గర్వంగా నవ్వింది.

గండి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ సాయంత్రం నాంచారమ్మ మడుగుకు వెళితే నీటికోడి ఎదురొచ్చింది.

"ఇక నువ్వు ఎన్నిసార్లయినా రావచ్చు తల్లీ!"

నాంచారమ్మ ఏదో చెప్పబోయి, ఆగి, "నువ్వెలా ఉన్నావు?" అని అడిగింది.

ఎదుటివారి బాధ విన్న తరువాత చెప్పిన మంచిమాటే వారి మనసుకెక్కుతుంది.