కారు ముక్కు మీద గుమ్మడికాయ

అనగనగా ఒక పట్నం. ఆ పట్నం మధ్యలో ఒక కాలువ. కాలువకు ఇవతల ఇత్తడి సామాన్ల బజారు, అవతల పాత బళ్ళను ముక్కలు చేసే తుక్కు కొట్టు. ఆ రోజుల్లో కార్లు మాట్లాడేవి. ఇప్పుడూ మాట్లాడుతున్నాయి కదా అంటారేమో! ఇప్పటివి తమకు తోచింది చెప్పి ఊరుకుంటాయి. అప్పటివి మనం అడిగితే బదులు కూడా చెప్పేవి. అడిగేవాళ్ళే తక్కువ.

ఇత్తడి బజారులో కోటిలింగం సెట్టి అని ఒక వర్తకుడు ఉండేవాడు. బిందెలు, గంగాళాలు అమ్మి నాలుగు రాళ్ళు వెనకేసుకున్నాడు. ఆయనకు ఎన్నాళ్ళనుంచో ఒక కోరిక. జమీందారుగారి కారులాంటి కారులో ఎత్తుగా కూర్చుని, బజారంతా చూస్తుండగా వెళ్ళాలని. కొత్తది కొనే తాహతు లేదు. ఒకనాడు ఆ జమీందారుగారే తన కారు అమ్మకానికి పెట్టారు. సెట్టి ఎగిరి గంతేసి కొనేశాడు.

అలాంటిలాంటి కారు కాదు అది. ముత్యం రంగు. ఏనుగు మీద అంబారీ అంత ఎత్తు. లోపల మెత్తని తోలు సీట్లు. తలుపు తెరిస్తే దీపం, వేస్తే చిన్న గంట. ముందు వైపు, సరిగ్గా ముక్కు దగ్గర, దానికి ఒక కన్ను ఉంది. దారిలో ఏది అడ్డం వచ్చినా ఆ కన్ను కనిపెడుతుంది. కారు ముందుగా చెబుతుంది. చెప్పినా వినకపోతే తనంతట తానే ఆగుతుంది.

"సెట్టిగారూ, నేను ఉన్నమాటే చెబుతానండీ. నాకు తెలిసిన విద్య అదొక్కటే," అంది కారు మొదటిరోజునే.

"సరే సరే," అన్నాడు సెట్టి, అద్దంలో మీసం చూసుకుంటూ.

ఇంటికి రాగానే సెట్టి భార్య కనకరత్నం హారతి ఇచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. అంతవరకూ బాగానే ఉంది. అప్పుడు వచ్చాడు పాండురంగం, కనకరత్నం తమ్ముడు. అడగని సలహా ఒకటి ఇస్తే గానీ తిన్నది అరగని మనిషి.

"బావా, ఊరి కళ్ళన్నీ దీని మీదే! దిష్టి తగలదూ?" అంటూ నిమ్మకాయలూ పచ్చిమిరపకాయలూ గుచ్చిన దండ తెచ్చి, బానెట్టు అంచున ఉన్న కంపెనీ గుర్తుకు కట్టాడు. పోనీ, ఒక పక్కకు కట్టాడా? లేదు. సరిగ్గా కారు కంటికి ఎదురుగా వేలాడదీశాడు. పిల్లలూ, మీకు అప్పుడే అర్థమైపోయింది కదా? పెద్దవాళ్ళకి కాలేదు. అదే నా బాధ.

మర్నాడు సెట్టి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కారులో బజారుకు బయలుదేరాడు. వీధి మలుపు తిరిగాడో లేదో, కారు కెవ్వున అరిచింది.

"సెట్టిగారూ, ముందు అడ్డం ఉందండీ!"

అరిచి, చటుక్కున ఆగింది. సెట్టి నుదురు స్టీరింగుకు కొట్టుకుంది. దిగి చూశాడు. రోడ్డు ఖాళీ. పిల్లి కూడా లేదు. మళ్ళీ ఎక్కాడు. నాలుగు బారలు వెళ్ళేసరికి మళ్ళీ కేక, మళ్ళీ ఆగడం. వెనక బళ్ళవాళ్ళు హారన్లు మోగించారు. అరుగుల మీది జనం నవ్వారు. దర్జాగా ఊరేగుదామనుకున్న సెట్టి, తల వంచుకుని కొట్టు చేరాడు.

"ఏముందే ముందు? నా తలకాయా?" అని తిట్టాడు.

"ఏమిటో నాకు తెలియదండీ. ముక్కుకు మరీ దగ్గరగా ఉంది. కానీ ఉంది," అంది కారు.

ఆ మాట వినేసరికి సెట్టి ఒళ్ళు మండింది. ముక్కుకు దగ్గరగా అన్నాక, వంగి ఆ ముక్కు చూడవద్దూ? చూడలేదు. తిన్నగా మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాడు. మెకానిక్కు బానెట్టు ఎత్తాడు. బానెట్టుతో పాటు దండా పైకి లేచింది. కారు టక్కున ఊరుకుంది.

"దీనికి ఏ రోగమూ లేదు సెట్టిగారూ," అన్నాడు మెకానిక్కు. బానెట్టు దించాడు. దండ కిందికి దిగింది. కారు మళ్ళీ అందుకుంది. ఇద్దరూ కళ్ళారా చూశారు. ఇద్దరికీ తట్టలేదు.

"అరుస్తోందా? నేను చెప్పలా! ఒక్క దండకు లొంగే దిష్టి కాదిది," అన్నాడు పాండురంగం. ఈసారి ఇంకా పెద్ద దండ తెచ్చాడు. నిమ్మకాయలు, మిరపకాయలు, మధ్యలో పటికబెడ్డలు, బొగ్గులు, చివర నల్లతాడుకు గుచ్చిన గవ్వలు. పాత దండ పక్కనే దాన్నీ కట్టాడు.

ఆ వారంలోనే కనకరత్నం పెదనాన్నగారి మనవరాలి పెళ్ళి, పక్క పట్నంలో. పట్టుచీర కట్టుకుని, కొత్త కారులో దిగుతూ చుట్టాలందరికీ కనబడాలని కనకరత్నం ఎంతో ముచ్చటపడింది. తెల్లవారకముందే బయలుదేరారు. దారిపొడుగునా కారు అరుస్తూనే ఉంది, ఆగుతూనే ఉంది. సెట్టి బతిమాలాడు. బెదిరించాడు. చివరికి దేవుణ్ణి తలుచుకుని తోలాడు. ఎడ్లబళ్ళు వీళ్ళను దాటి పోయాయి. ఆ ఎడ్లు కూడా వెనక్కి తిరిగి చూశాయి.

వాళ్ళు చేరేసరికి తలంబ్రాలు అయిపోయాయి. పెళ్ళికూతురు అప్పగింతల ఏడుపు ఏడుస్తోంది. విస్తళ్ళ ముందు కూర్చుంటే చారూ మజ్జిగా మిగిలాయి. కనకరత్నం ఒక్క ముద్ద కూడా మింగలేకపోయింది.

"ఏమండీ, ఆ కారైనా ఉండాలి, నేనైనా ఉండాలి," అంది. ఆ మాట అంటుంటే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఎలాగో ఇల్లు చేరేసరికి సెట్టి ప్రాణం విసిగిపోయింది. అంత సరదాపడి కొన్నది ఇలా నలుగురిలో నగుబాటు చేసిందే అని నిజంగానే ఏడుపొచ్చింది. సరిగ్గా అదే సమయానికి పాండురంగం బూడిదగుమ్మడికాయతో దిగాడు. దాన్ని ఉట్టిలో పెట్టి, దండల మీదుగా కారు ముక్కుకు వేలాడదీశాడు.

"ఇహ చూసుకో బావా!"

చూసుకున్నాడు. కారు అంగుళం కదల్లేదు.

"సెట్టిగారూ, ఇప్పుడు చాలా పెద్ద అడ్డం ఉందండీ. నేను కదలలేను," అంది.

"కదలకు! రేపు నిన్ను తుక్కు కొట్టుకే తోలతాను!" అని అరిచాడు సెట్టి.

కారు మెల్లిగా అడిగింది. "అక్కడ నన్ను ముక్కలు చేస్తారు కదండీ?"

"చేస్తారు. అబద్ధాలాడేదానికి అదే గతి."

"నేను అబద్ధం ఆడలేదండీ," అంది కారు. సెట్టి తలుపు ధడాలున వేసి లోపలికి పోయాడు.

మర్నాడు పొద్దున్న కనకరత్నం గుమ్మంలోంచి కేకేసింది. "ఏమండీ, దిష్టి వస్తువులు తుక్కులో పడేయకూడదు. పారే నీళ్ళలో వదలాలి. దారిలో కాలువలో కలిపేసి వెళ్ళండి."

సెట్టి గొణుక్కుంటూ వంగి గుమ్మడికాయ విప్పాడు, దండలు విప్పాడు. అన్నిటినీ ముందు సీట్లో తన పక్కన పెట్టుకున్నాడు. వెనక సీట్లో పాండురంగం ఎక్కాడు.

కారు కదిలింది. అరవలేదు. ఆగలేదు. మలుపులు తిరిగింది, బజారు దాటింది, వెన్నలో కత్తి దిగినట్టు సాగిపోయింది. సెట్టికి సంతోషం కలగాలా? కలగలేదు. ఇంకా కోపం వచ్చింది. "చూశావురా, చావు కళ్ళబడేసరికి ఎంత బుద్ధిగా నడుస్తోందో! ఇన్నాళ్ళూ నాటకమే అన్నమాట!" అన్నాడు.

కాలువ గట్టు దగ్గర రేవులోకి దిగే వాలు ఉంది. పాండురంగం కారు దిగి, ముందు కాస్త దూరంలో నిలబడి, వెనక్కి నడుస్తూ చేతులూపాడు. "రా బావా, రా! ఇంకా రావచ్చు! రా, రా!"

వాలులో గుమ్మడికాయ సీటు మీంచి దొర్లింది. సెట్టి దాన్ని పట్టుకోవడానికి వంగాడు. అదే క్షణాన పాండురంగం కాలికి పంచె అడ్డుపడింది. వెల్లకిలా పడ్డాడు.

"సెట్టిగారూ! ముందు అడ్డం ఉందండీ!"

"మళ్ళీ మొదలెట్టావూ! నోర్ముయ్!" అంటూ సెట్టి తల ఎత్తకుండానే కసిగా యాక్సిలరేటరు తొక్కాడు.

కారు ఆయన మాట వినలేదు. చక్రాలు బిగబట్టి, నేల చీరుకుంటూ ఆగిపోయింది.

ఎక్కడా చప్పుడు లేదు. కింద నుంచి సన్నగా ఒక గొంతు వినిపించింది. "బావా..."

సెట్టి దిగి చూశాడు. పాండురంగం తల పక్కనే చక్రం ఉంది. మధ్యలో చెయ్యి దూరేంత సందు. సెట్టి బావమరిదిని లేపి, వాటేసుకుని, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

ఏడుపు తగ్గాక కారు దగ్గరికి వచ్చాడు. బానెట్టు మీద చెయ్యి వేశాడు. కొన్నాక మొదటిసారి, తిట్టకుండా, దాన్ని ఒక మాట అడిగాడు.

"మరి ఇన్నాళ్ళూ ఏమిటే నీ ముందున్న అడ్డం?"

"ఏమిటో నాకూ తెలియదండీ. కానీ ఇందాక ఇంటిదగ్గర మీరు నా ముక్కు దగ్గర వంగి ఏదో విప్పారు. అప్పటినుంచీ లేదు."

సెట్టి తిరిగి చూశాడు. సీటు కింద గుమ్మడికాయ, సీటు మీద దండలు. చాలాసేపు వాటినే చూస్తూ నిలబడ్డాడు. సిగ్గుతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

పాండురంగం మట్టి దులుపుకుంటూ నోరు తెరిచాడు. "అంటే బావా, ఈసారి కొబ్బరికాయ..."

సెట్టి ఒక్క చూపు చూశాడు. పాండురంగం నోరు మూసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక సలహా మింగడం అతనికి అదే మొదలు.

"అన్ని తిట్లు తిట్టాను కదే నిన్ను. అయినా ఎందుకు చెబుతూనే ఉన్నావు?" అని అడిగాడు సెట్టి.

"తుక్కు కొట్టుకు చేరేలోపల ఏనాడైనా ఒకసారి, ఏమిటని అడుగుతారేమోనని," అంది కారు.

సెట్టి అన్నీ కాలువలో వదిలేశాడు. తుక్కు కొట్టు వైపు చూడనైనా చూడకుండా కారును ఇంటికి తిప్పాడు.

నిజం చెప్పే నోరు మనకు విసుగు పుట్టిస్తే, దాన్ని మూయించే ముందు ఏమిటని ఒక్కమాట అడగాలి.