రాజుగారి కారు, ఇత్తడి పలక

అనగనగా, రాజులు ఏనుగు అంబారీ దిగి కారెక్కిన కాలంలో, నిప్పుకొండ అనే రాజ్యం ఉండేది. కారున్న రాజు ఎక్కడైనా ఉంటాడా అని అడక్కండి పిల్లలూ. కథల్లో మాట్లాడే నక్కలున్నప్పుడు కారున్న రాజు ఎందుకుండడు?

ఆ రాజు పేరు రణధీరవర్మ. ఆయనకు రెండే ఇష్టాలు. ఒకటి కారులో చల్లటి ఏసీ. రెండోది బిరుదులు. కొత్త బిరుదు వచ్చినప్పుడల్లా దాన్ని ఇత్తడి పలక మీద చెక్కించి కారు ముందు బిగించేవాడు. 'వైరిభీకర' ఒక్కటే ఉన్నప్పుడు పలక అరచేయంత. 'ధర్మభాస్కర' చేరాక కంచమంత. 'సర్వజ్ఞశేఖర' కూడా చేరేసరికి తలుపురెక్కంతయి, కారు ముందుండే జాలీని మొత్తం కప్పేసింది. బిగించిన మర్నాడే శాసనం వెలువడింది, రాజు చెయ్యి తప్ప ఏ చెయ్యీ ఆ పలకను తాకకూడదని. రోజూ దానికి హారతి ఇచ్చేవాళ్లు కూడా. ఆ హారతిచ్చే పూజారికీ కారు డ్రైవరుకీ ఎవరు ముందు నిలబడాలని తగువు. సరే, అది వేరే కథ.

సరిగ్గా రోహిణి కార్తెలో ఏసీ వేడిగాలి కొట్టడం మొదలుపెట్టింది. ఆ వారమే పొరుగు రాజు వస్తున్నాడు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఊరేగాలి. రాజు చాటింపు వేయించాడు.

"బాగు చేసినవారికి అడిగింది ఇస్తాం. చెయ్యలేనివారి పనిముట్లు కోటలోకి వస్తాయి. వాళ్లు మళ్లీ స్పానర్ పట్టకూడదు!"

మొదట మెకానిక్ గురవయ్య వచ్చాడు. పలక వైపు చూశాడు, రాజు మీసాల వైపు చూశాడు, గుటక మింగాడు. పాత గ్యాస్ తీసేసి కొత్త గ్యాస్ నింపాడు. కారు వీధి చివర దాకా పోయిందో లేదో, మళ్లీ వేడిగాలి. గురవయ్య పనిముట్ల పెట్టె కోటలోకి పోయింది.

తర్వాత ఖాజావలి వచ్చాడు. ఆయనా చూశాడు, ఆయనా గుటక మింగాడు. కంప్రెసర్ మార్చాడు. అదే వేడి. ఆయన పెట్టే పోయింది.

మూడో కబురు మస్తానమ్మకు వెళ్లింది. సంత రోడ్డు పక్కన ఆమె కార్ల మరమ్మతు షెడ్డు. ఆ షెడ్డు నడిస్తేనే ఆమెకు అన్నం. పనిముట్ల పెట్టె వాళ్లమ్మ చేతి మీదుగా వచ్చింది.

కోట గుమ్మం దగ్గర గురవయ్య ఆమెను ఆపాడు. "మస్తానమ్మా, నా మాట విను. ఏం చేసినా చెయ్యి, ఆ పలక ఊసు మాత్రం ఎత్తకు."

"అంటే నువ్వూ చూశావన్నమాట, బాబాయ్!"

"చూడకేం? ముప్పయ్యేళ్ల చెయ్యి నాది. చెబితే తల ఉంటుందా?"

"చెప్పకపోతే పెట్టె ఉందా?" అని ఆమె లోపలికి నడిచింది.

కారు చుట్టూ ఒకసారి తిరిగి, రాజును అడిగింది. "ప్రభూ, మొదటి బిరుదు రోజుల్లో ఏసీ ఎలా ఉండేది?"

"మంచులా."

"రెండో బిరుదప్పుడు?"

"ఫరవాలేదు."

"మూడోదయ్యాక?"

రాజు తన పేరు కుట్టిన శాలువా అంచు అందుకున్నాడు. నుదురు తుడుచుకున్నాడు.

మస్తానమ్మ పెట్టెను నేల మీద పెట్టి దాని మీద కూర్చుంది. "గ్యాస్ నింపను. కంప్రెసర్ ముట్టను. ఆ పలక తీస్తేనే లేస్తాను."

 

మంత్రి సూరప్ప ఎగిరిపడ్డాడు. "ఏయ్! అది పలక కాదు, ప్రభువుల కీర్తి!"

"కీర్తే కావచ్చు మంత్రిగారూ, నాలుగు బోల్టుల మీద నిలబడుంది."

"మా బిరుదుకీ ఈ వేడికీ సంబంధమేమిటి?" అని గర్జించాడు రాజు.

"జాలీ వెనకే కండెన్సర్ ఉంది ప్రభూ. మీరు కూర్చున్నచోటి వేడిని బయటిగాలికి ఇచ్చేసేది అదే. గాలే తగలకపోతే వేడి ఎక్కడికి పోతుంది? నమ్మకపోతే ఆ శాలువా ముక్కుకు చుట్టుకుని కోట మెట్లెక్కి చూడండి. దాని మీదా మీ పేరే ఉందిగా, ఊపిరి ఆడుతుందేమో!"

వెనక ఎవరో నవ్వి, నవ్వును దగ్గులోకి దింపారు. రాజు కళ్లు ఎర్రబడ్డాయి. "ఆ పెట్టె లాక్కోండి!"

భటులు వచ్చేలోగా ఆమే లేచి, ఒక స్పానర్ చేత పట్టుకుని పెట్టెను వాళ్లవైపు తోసింది. "తీసుకోండి. మూడు పెట్టెలవుతాయి. రేపు పొరుగు రాజుగారు చెమటలు కక్కుతుంటే, వాటితో విసరండి."

 రాజు మీసం చివర నుంచి ఒక చెమట బొట్టు జారింది. రేపటి ఊరేగింపు ఆయన కళ్లముందు మెదిలింది.

"సూరప్పా, పలక విప్పు."

సూరప్ప రెండడుగులు వెనక్కి వేశాడు. "శాసనం, ప్రభూ..."

ఇంకెవరూ ముందుకు రాలేదు. మస్తానమ్మ స్పానర్ చాచింది. "మీరే విప్పాలి ప్రభూ."

కత్తి పట్టిన చెయ్యి స్పానర్ పట్టింది. "అటు తిప్పితే బిగుస్తుంది. ఇటు," అందామె. ఒకటి, రెండు, మూడు. నాలుగో బోల్టు ఊడగానే పలక ఖంగున నేల మీద పడింది. దాని వెనక చచ్చిన సీతాకోకచిలుకలు, వేపాకులు, ఊరేగింపుల బంతిపూల రేకులు దుమ్ముతో కలిసి గడ్డకట్టి ఉన్నాయి.

మస్తానమ్మ కడవెడు నీళ్లు మెల్లగా పోసి కండెన్సర్ కడిగింది. రాజు కారెక్కాడు. కాసేపటికి మీసం మీది చెమట ఆరిపోయింది. ఎంతసేపటికీ దిగలేదు. చివరికి అద్దం దించి, "కోరుకో," అన్నాడు.

"ముగ్గురి పెట్టెలూ."

గురవయ్య తలొంచుకుని పెట్టె అందుకున్నాడు. "ఈసారి గుటక మింగకు బాబాయ్," అంది మస్తానమ్మ.

రాజు నేల మీది పలకను చూస్తూ అడిగాడు. "మరి దీన్ని ఎక్కడ పెట్టమంటావు?"

"వెనక బిగించుకోండి ప్రభూ. మీరు దాటిపోయాక జనం తీరిగ్గా చదువుకుంటారు."

కాబట్టి పిల్లలూ, గాలికి అడ్డు నిలిచింది ఏదైనా, దాని మీద ఎంత గొప్పవాడి పేరున్నా, అది అడ్డమని పైకి చెప్పాల్సిందే.