మూలపురుషుడి ముక్కు

పేరు చెబితే అక్కడివాళ్లకు కోపం వస్తుంది కనుక, ఒకానొక రాజ్యం అనుకుందాం. దాన్ని ఏలే ఉద్దండకేసరికి పనిలేని రోజుల్లో ఆలోచనలు వచ్చేవి. ఒకసారి వచ్చిన ఆలోచన ఇది: ఈ నేల ఈ నేలలో పుట్టిన రక్తానిదే. ఏటి అవతలి సంతతి అంతా అమావాస్యలోగా వెళ్లిపోవాలి.

దెబ్బ ముందు రాళ్లవాడకు తగిలింది. అక్కడి శిల్పుల తాతలు ఏరు దాటి వచ్చినవాళ్లే. ఆస్థాన విదూషకుడు తిప్పరుసు భార్య సింగమ్మ ఆ వాడ పిల్ల.

"మావాళ్లతో నేనూ పోతాను. మీరిక్కడే ఉండి రాజుగారిని నవ్వించుకోండి," అందామె.

తిప్పరుసుకు వంట రాదు. ఆమె మీద ప్రేమ కూడా ఉంది.

మర్నాడు సభలో, మనవాళ్లెవరో పరాయివాళ్లెవరో తేల్చడమెలా అన్న చర్చ వచ్చింది. రంగును బట్టి అన్నాడు సేనాపతి. సభ్యులు ఒకరి రంగు ఒకరు చూసుకుని ఊరుకున్నారు. యాసను బట్టి అన్నాడు పండితుడు. ఆయన యాస ఎవరికీ అర్థం కాదు కనుక అదీ ఆగింది.

తిప్పరుసు లేచాడు. "ప్రభూ, వంశం ముక్కులో తెలుస్తుంది. కోటగుమ్మంలో తమ మూలపురుషుల విగ్రహం ఉంది కదా. ఆ ముక్కుకు మైనపు అచ్చు తీయిద్దాం. అచ్చు పట్టినవాడు మనవాడు, పట్టనివాడు పరాయివాడు. కాకపోతే మినహాయింపులుండకూడదు."

"మాకైనా ఉండవు," అన్నాడు రాజు, ముక్కు నిమురుకుంటూ.

కొలతలు మొదలయ్యాయి. మహామంత్రి ముక్కు అచ్చులో పట్టలేదు. సేనాపతి ముక్కు అచ్చులో కనబడలేదు. సాయంత్రానికి ఊరు ఊరంతా పరాయిదైంది. చివర్న సింగమ్మ తండ్రి వీరోజు వచ్చాడు. కుండకు మూతలా సరిపోయింది. అతని తమ్ముళ్లకు సరిపోయింది. సింగమ్మకూ సరిపోయింది.

"ఇక తమరే, ప్రభూ."

రాజు పెట్టుకున్నాడు. అచ్చు పక్కకు ఒరిగి ఒళ్లో పడింది.

"అచ్చు తప్పు."

"అచ్చు సరైనదే, ప్రభూ. మూలపురుషులు పోయిన నలభై ఏళ్లకు విగ్రహం చెక్కించారు. ఆయన ముఖం ఎరిగినవాడు ఒక్కడూ మిగల్లేదు. చెక్కింది మా మామగారి తాత. ముక్కు దగ్గరికొచ్చేసరికి పాపం ఏం చేస్తాడు? నీళ్ల తొట్టిలో చూసుకుని తనది చెక్కేశాడు."

"అయితే మేం రోజూ పొద్దున్నే దండం పెట్టేది..."

"మా అత్తవారి ముక్కుకే. అమావాస్య ఎల్లుండి, ప్రభూ. తమరు పల్లకీలో వెళ్లొచ్చు. బోయీలదీ ఆ దారే."

"మరి రాజ్యం?"

తిప్పరుసు మామగారి వైపు చూశాడు. "మాకొద్దు బాబూ," అన్నాడు వీరోజు. "చేతినిండా పనుంది."

సభ మొత్తం నేల చూపులు చూస్తోంది. రాజు అచ్చును మరోసారి ముక్కుకు ఆనించి చూసుకున్నాడు. అది మళ్లీ జారింది. ముందు చిన్నగా, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. అప్పుడు సభకూ నవ్వొచ్చింది. శాసనం చింపించి, తన చేతి కడియం తీసి తిప్పరుసుకు తొడిగాడు.

రాజుగారు ప్రజల విశ్వాసాన్ని పరీక్షించారంతే అని మర్నాడు దండోరా వేశారు. నమ్మినవాళ్లూ ఉన్నారు. వాళ్లకు తర్వాత మంచి కొలువులు దొరికాయి.